భాషా సందేహాలు: పోర్చుగీసు క్రియల్లో ఊనిక ఎక్కడ?

(ఉదాహరణలన్నీ పోర్చుగల్ ఉచ్చారణకు దగ్గరగా రాశాం. మాటలోని ఖండాలను గీతతో విడదీశాం. ఊనిక (ఖండాన్ని నొక్కి పలకడం) పడే చోట దీర్ఘం, ముక్కుతో పలికే చోట అరసున్న.)

ప్రశ్న: పోర్చుగీసులో ‘మాట్లాడారు’, ‘మాట్లాడతారు’ అనే రూపాలు నాకు ఒకేలా వినిపిస్తున్నాయి. ఎలా పోల్చుకోవాలి?

జవాబు: రెండింటిలోనూ ధ్వనులు దాదాపు అవే, మారేది ఊనిక. భూతకాలం ఫ-లా-రఁవ్, భవిష్యత్తు ఫ-ల-రాఁవ్. రాతలో తికమక లేదు. మొదటిదాని చివర ‘అ’ తర్వాత ‘మ్’ ఉంటుంది, రెండోదాని చివర తిల్దె గుర్తు (అక్షరం మీద అలలాంటి గీత) ఉన్న ‘అ’, ఆపైన ‘ఒ’. ‘అమ్’తోనో, అ, ఎ, ఒ అచ్చులతోనో ముగిసే మాటలో ఏ గుర్తూ లేకపోతే ఊనిక చివరి నుంచి రెండో ఖండం మీద పడుతుంది. చివరి నుంచి మూడో ఖండం మీద పడితే గుర్తు తప్పనిసరి: ఫ-లా-వ-ముష్ (మాట్లాడేవాళ్లం). ‘మనం మాట్లాడినట్లయితే’ అనే అర్థంలో వచ్చే ఫ-లాస్-సె-ముష్ కూడా అంతే. ఇందులో రెండు సకారాలను విడదీయడం రాతకే. మనవాళ్లు అలవాటు కొద్దీ ‘స్స’ అని వత్తుతారు, పలకాల్సింది ఒక్క సకారమే.

ప్రశ్న: ‘దాన్ని కొనేవాళ్లం’ అనే షరతు రూపంలో ఒకే మాటకు రెండు ఆక్యూట్ గుర్తులు (అచ్చు మీద కుడికి వాలిన గీతలు) కనిపించాయి. అచ్చుతప్పా?

జవాబు: కాదు. కొఁ-ప్రా-లు-ఈ-అ-ముష్, ఆరు ఖండాలు. భవిష్యత్తు, షరతు రూపాలు పూర్వం మూలక్రియకు ‘ఉండు’ అర్థమున్న ‘అవేర్’ క్రియ చేరి ఏర్పడ్డవి. ‘దాన్ని’ అనే సర్వనామం ఆ అతుకులో దూరుతుంది. అప్పుడు మూలక్రియ చివరి రేఫ పోతుంది, సర్వనామం ‘లు’ అవుతుంది. గుర్తుల కోసం ప్రతి ముక్కనూ విడిగా చూడాలి. ‘కొఁ-ప్రా’ అకారంతో ముగిసి చివర ఊనిక ఉన్న మాట కాబట్టి ఆక్యూట్. అమ్మడం అనే క్రియలో వెఁ-దే-లు అవుతుంది, అక్కడ టోపీ గుర్తు (^). బయల్దేరడం అనే క్రియలో ‘పర్-తీ’కి ఏదీ అక్కర్లేదు, ఎందుకంటే ఇకారాంతానికి ఊనిక సహజంగానే చివర పడుతుంది. రెండో ముక్క ‘ఈ-అ-ముష్’కు మూడో ఖండం సూత్రం వర్తిస్తుంది. అసలు ఊనిక కూడా ఇక్కడే, ‘ప్రా’ మీద కాస్త తేలిక.

సర్వనామాన్ని తీసుకెళ్లి పూర్తి రూపం చివర తగిలించడం తప్పు. వాక్యంలో ‘నాఁవ్’ (కాదు) ఉంటే సర్వనామం క్రియకు ముందుకొస్తుంది, ఈ చిక్కే ఉండదు. బ్రెజిల్ మాటల్లో ఈ రూపం దాదాపు వినిపించదు. పోర్చుగల్‌లోనూ ఎక్కువగా రాతకే, మర్యాద ప్రసంగాలకే.

ప్రశ్న: ‘నువ్వు బయటికెళ్లడం’లో ఇకారానికి గుర్తుంది, ‘మేము బయటికెళ్లడం’లో లేదు. ఎందుకు?

జవాబు: ఖండాలు విడదీయండి: స-ఈ-రెష్, స-ఈర్-ముష్. ముందు అచ్చు ఉండి, ఇకారం ఒంటరిగా గానీ, సకారంతో కలిసి గానీ ఖండం కడితేనే గుర్తు. రెండోదాంట్లో రేఫ దాన్ని మూసేసింది. ‘బయటికెళ్లాడు’ స-ఈవ్, అక్కడా గుర్తు లేదు. ‘సై’ అని ఐత్వంతో రాసుకుంటే ఒక ఖండం మాయమై లెక్క తప్పుతుంది. విడిగానే రాసుకోండి.

ప్రశ్న: సర్వనామాన్ని క్రియకు కలిపే గీత ఉన్న రూపం సరిగ్గా ఆ గీత దగ్గరే పంక్తి చివరికొస్తే?

జవాబు: 1990 నాటి వర్ణక్రమ ఒప్పందం ప్రకారం కింది పంక్తి మొదట్లో గీతను మళ్లీ రాయాలి.