షాఫ్టులు కొనే ముందు బూటు విప్పి చూడండి

పదిహేనేళ్లు దాటిన ఫోర్ వీల్ డ్రైవ్ పికప్, ముందు రెండు యాక్సిల్ బూట్లూ చినిగాయి, బ్రేకు తొక్కితే కరకరమని శబ్దం, వచ్చే నెల రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఫిట్‌నెస్ చూపించాలి, మెకానిక్ ఏమో రెండు షాఫ్టులూ కొత్తవి వేయాల్సిందే అంటున్నాడు. ఇదీ మీరు రాసిన పరిస్థితి. షాఫ్టులకు ఇప్పుడే ఒప్పుకోకండి. ఇంజను బలాన్ని చక్రానికి చేర్చే కడ్డీ షాఫ్టు, దాని చివర్లలో వంగే కీళ్లు జాయింట్లు, ఆ కీలులో గ్రీజు నిలిపే రబ్బరు తొడుగు బూటు. బూటు చినిగినంత మాత్రాన జాయింటు పోయినట్టు కాదు. లోపలికి దుమ్ము వెళ్లి ఎన్నాళ్లయింది, గ్రీజు ఇంకా ఎంత మిగిలింది అన్న దాన్ని బట్టే తేల్చుకోవాలి.

ముందు ఒక పరీక్ష చేయండి. హైదరాబాద్ శివార్లలో ఇళ్లు లేని లేఅవుట్లకు కొదవ లేదు కదా, వదులు మట్టి ఉన్న చోటికి వెళ్లి ఫోర్ వీల్ డ్రైవ్ వేయండి. స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పి నెమ్మదిగా గుండ్రంగా నడపండి, తరువాత రెండో పక్కకు. టకటకమని లెక్కగా శబ్దం వస్తే చక్రం వైపున్న బయటి జాయింటు అరిగిందని అర్థం. ఈ పరీక్ష రెండు చక్రాల డ్రైవ్‌లో చేస్తే ముందు జాయింట్ల మీద భారం పడదు, అరిగిన జాయింటు కూడా మౌనంగా ఉండిపోతుంది. తారు రోడ్డు మీద మాత్రం ఫోర్ వీల్‌లో ఇలా తిప్పకండి, గేర్ల మీద అనవసరంగా ఒత్తిడి పడుతుంది.

ఇంకో మాట. మహీంద్రా గెటవే, టాటా జెనాన్, పాత టాటా సఫారీ వంటి ఫోర్ వీల్ బండ్లకు ముందు చక్రాలు విడివిడిగా కదులుతాయి, వాటికే ఈ రబ్బరు బూట్లు. మారుతీ జిప్సీ ముందు ఇరుసు నిర్మాణం వేరు, కాబట్టి జిప్సీ నడిపే స్నేహితుల సలహా ఈ పనికి పనికిరాదు.

బూట్లు, బ్రేకులు వేర్వేరు పనులని అనుకోకండి. నేను అలా అనుకునే నష్టపోయాను. నాదీ పాత పికప్పే, వికారాబాద్ వైపు పొలానికి తిరుగుతుంది. ఒక వానాకాలం ముందు ప్యాడ్లు అరిగాయని కొత్తవి వేశాను. కుడి బూటు పగిలి గ్రీజు కారుతున్నది చూశాను కానీ తరువాత చేయిద్దామని వదిలేశాను. డిస్కు మీద మురికి పడకుండా దాని వెనక అడ్డంగా ఉండాల్సిన రేకును నాకంటే ముందున్న యజమాని కాలంలోనే ఎవరో పీకేశారు. రెండు నెలల తరువాత అనంతగిరి గుట్ట దిగుతూ బ్రేకు వేస్తే బండి ఎడమ పక్కకు లాగేసింది. చక్రం విప్పి చూస్తే షాఫ్టు తిరుగుతూ విసిరిన నల్ల గ్రీజు కుడి డిస్కు నిండా ఉంది. డిస్కును తుడిచి కడుక్కున్నాను, గ్రీజు పీల్చుకున్న ప్యాడ్లను మాత్రం పారేయాల్సి వచ్చింది. కాబట్టి బూట్లు మొదట, ప్యాడ్లు చివర. ఎలాగూ షాఫ్టు తీయాలంటే ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్ విప్పాల్సిందే.

సామాను సికింద్రాబాద్ రాణీగంజ్‌లో దొరుకుతుంది, హయత్‌నగర్ దారిలోని ఆటోనగర్‌లోనూ చూడవచ్చు. బండి పేరు చెప్పి ఊరుకోకుండా షాఫ్టు మందం, జాయింటు బయటి వెడల్పు వెర్నియర్‌తో కొలిచి రాసుకుని వెళ్లండి. బూటుతో పాటు రెండు స్టీలు క్లిప్పులు, గ్రీజు ప్యాకెట్ ఉన్నాయో లేదో చూసుకోండి. షాఫ్టు విప్పకుండానే తొడిగి అంటించే చీలిక బూట్లు కొనవద్దు, మన గుంతల రోడ్ల మీద ఆ అతుకు నిలవదు. క్లిప్పుకు బదులు ప్లాస్టిక్ టై కట్టడమూ అంతే.

చక్రం మధ్యలో షాఫ్టును పట్టి ఉంచే హబ్బు నట్టును చక్రం నేల మీద ఉండగానే, ఒకరు బ్రేకు తొక్కి పట్టుకోగా వదులు చేయండి. జాకీ మీద ఉన్న బండిని అంత బలంగా లాగితే జారిపోతుంది. వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, ఛాసిస్ కింద స్టాండ్లు వేసిన తరువాతే చక్రం విప్పండి. క్యాలిపర్‌ను తీగతో పైకి కట్టండి, రబ్బరు గొట్టానికి వేలాడనివ్వకండి. షాఫ్టు ఊడిరాగానే దాని లోపలి కొన కూర్చునే గేరు పెట్టె, అంటే డిఫరెన్షియల్ నుంచి గేరు ఆయిల్ కారవచ్చు, కింద పళ్లెం పెట్టండి. అక్కడి సీలు కూడా అప్పుడే మార్చేయడం మంచిది.

ఇప్పుడు అసలు పని. పాత బూటు కోసేసి, గ్రీజును రెండు వేళ్ల మధ్య రుద్ది చూడండి. ఇసుకలా గరగరమంటే దుమ్ము చేరింది. లాకు విప్పి జాయింటు తీసి కిరోసిన్‌లో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. బయటి జాయింటులో సాధారణంగా ఆరు ఉక్కు గుండ్లు, వాటిని పట్టి ఉంచే గూడు, అవి దొర్లే గాడులు ఉంటాయి. ఒక్కో గుండును తిప్పుతూ ఒక్కో గాడిని చూడండి. మెరుపు గీత మాత్రమే ఉంటే భయం లేదు. గోరు తట్టుకునే గుంట ఉంటే ఆ జాయింటు మార్చాలి. నా బండిలో ఎడమది బాగానే ఉంది, కుడిది ఒక్కటే మార్చాను. రెండు షాఫ్టుల ఖర్చు అలా తప్పింది.

నింపేది మాలిబ్డినం కలిసిన నల్ల గ్రీజే కావాలి, చక్రాల బేరింగులకు వాడే మామూలు గ్రీజు కాదు. సగం జాయింటులోకి కూరి, మిగిలింది బూటులో వేయండి. చిన్న క్లిప్పు బిగించే ముందు సన్నటి స్క్రూడ్రైవర్ దూర్చి లోపలి గాలి పోనివ్వండి, లేకపోతే బూటు ఉబ్బిపోతుంది. హబ్బు నట్టు కొత్తది వేసి, మాన్యువల్‌లో చెప్పిన కొలతకు టార్క్ రెంచితో బిగించండి. రెంచి లేకపోతే ఆ ఒక్క పని షాపులో చేయించుకోండి, అందాజుగా బిగిస్తే బేరింగు పోతుంది.

బ్రేకుల విషయంలో మీ కరకర శబ్దం ప్యాడు అయిపోయి ఇనుము డిస్కును కోస్తున్నదేమో. కనీస మందం చాలా డిస్కుల మీదే అచ్చు వేసి ఉంటుంది. మీ డిస్కు దానికి దగ్గరగా ఉంటే లేత్ మీద చెక్కించకండి, రెండు వైపులా కొత్తవి వేయండి. డిస్కు కూర్చునే హబ్బు ముఖం మీది తుప్పును ఎమెరీ కాగితంతో తీయకపోతే కొత్త డిస్కు కూడా ఊగి పెడల్‌ను వణికిస్తుంది. ఒకే చక్రంలో లోపలి ప్యాడు పూర్తిగా అరిగి బయటిది సగం మిగిలి ఉంటే, క్యాలిపర్ జారే పిన్ను పట్టేసిందేమో చూడండి. దాన్ని శుభ్రం చేసి సిలికాన్ గ్రీజు రాయండి, మామూలు గ్రీజు తగిలితే అక్కడి రబ్బరు ఉబ్బుతుంది. ప్యాడ్ల పొడిని గాలితో ఊదకండి, తడిపి తుడవండి.

బ్రేక్ ఆయిల్ కూడా మార్చండి. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు. గాలిలోని తేమ పీల్చుకున్న కొద్దీ ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఆ తేడా పెడల్ కింద తెలుస్తుంది.

అంతా బిగించాక బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడే దాకా తొక్కండి. తరువాత కొత్త ప్యాడ్లు డిస్కుకు అమరేందుకు తెల్లవారుజామున ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్డు మీద 50 నుంచి 10 కిలోమీటర్ల వేగానికి ఎనిమిది, పది సార్లు మెల్లగా తగ్గించండి, మధ్యలో చల్లారనివ్వండి. వేడి మీద పూర్తిగా ఆపి పెడల్ తొక్కి పట్టుకోవద్దు. ఒక వారం తిరిగాక రిమ్ము లోపలి వైపు వేలితో తుడిచి చూడండి. పొడిగా ఉంటే క్లిప్పులు పట్టినట్టే. జాయింటు కడిగాక ఉన్నది గుంటో మెరుపో తేలకపోతే ఫోటో పెట్టండి, చూసి చెబుతాను.