రాజకీయ ఫాంటసీ నవలల్లో యువరాణి పాత్ర నిజంగా ఎదిగినట్టు మీకు ఎక్కడ అనిపించింది?

ఇలాంటి నవలల్లో యువరాణి మొదట అమాయకురాలు, మధ్యలో కత్తిసాము, చివర్లో పట్టాభిషేకం, ఇందులో ఎదుగుదల ఏముంది అని అడిగారు. నాకు అది కనిపించింది క్రిస్టిన్ కషోర్ రాసిన 'బిట్టర్‌బ్లూ' (2012)లో. కథలోని కొన్ని రహస్యాలు చెప్పక తప్పదు, చదవాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగండి.

నవల పేరే కథానాయిక పేరు. బిట్టర్‌బ్లూ, కథ మొదలయ్యేసరికే రాణి. మాన్సీ రాజ్యానికి 10 ఏళ్ల వయసులో రాణి అయింది, ఇప్పుడు 18. తండ్రి లెక్ 35 ఏళ్లు ఏలాడు. అతని మాటకి ఒక శక్తి ఉండేది. ఏం చెప్పినా జనం నమ్మేవాళ్లు, ఏం చేయమన్నా చేసేవాళ్లు. ఎన్ని ఘోరాలు చేసినా అవి ఎవరికీ సరిగ్గా గుర్తుండేవి కావు. అలాంటివాడు పోయాక మిగిలిన రాజ్యం ఈ అమ్మాయి చేతికొచ్చింది. చేయాల్సిన పనేమిటంటే బురుజులో కూర్చుని కాగితాల మీద సంతకాలు పెట్టడం. సలహాదారులు తెస్తూనే ఉంటారు, ఈమె పెడుతూనే ఉంటుంది.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. నాన్న పోయినప్పుడు నాకు 23. ఎరువుల కొట్టు నా మీద పడింది. నాన్న దగ్గర ఎన్నో ఏళ్లుగా ఉన్న గుమాస్తాని బాబాయ్ అనేదాన్ని. ఆయన రోజూ సాయంత్రం పుస్తకం తెరిచి, పేజీ పైభాగం మీద అరచెయ్యి ఆనించి, "ఇక్కడ పెట్టమ్మా" అని వేలితో చూపించేవారు. పెట్టేసేదాన్ని. ఆ చెయ్యి కింద ఏముందో చూడాలని ఏడాది పాటు నాకు తోచలేదు. ఒకరోజు బస్టాండులో ఒక పెద్దాయన నన్ను గుర్తుపట్టి, "మీ నాయన దగ్గర దాచుకున్న డబ్బులమ్మా, పిల్ల పెళ్లికి కావాలి" అన్నాడు. అలాంటి డబ్బు ఇంకా చాలామందిది ఉందని ఆ రాత్రి పుస్తకాలన్నీ తిరగేస్తే తెలిసింది. కొన్నిటికి సంతకాలు కూడా లేవు, ఎండిపోయిన వేలిముద్రలే.

అందుకే బిట్టర్‌బ్లూ ముసుగేసుకుని రాత్రిపూట కోట దాటి వెళ్లే ఘట్టం చదువుతుంటే నాకు చెమటలు పట్టాయి. నగరంలో లెక్ కాలం నాటి కథలు చెప్పుకునే చోట్లు ఉంటాయి. అక్కడ కూర్చుని వింటుంది. తన ప్రజల్లో ఎంతోమందికి చదువు రాదని అప్పుడు తెలుస్తుంది. జరిగింది జరిగిపోయింది, ముందుకు సాగుదాం అని కోటలో తనకు నేర్పిన మాట ఎంత బోలుదో అర్థమవుతుంది.

పేరు దాచే తిరుగుతుంది. అబద్ధాల రాజు కూతురు తనూ అబద్ధంతోనే జనంలోకి వెళ్లింది. ఆమె రాణి అని తెలిసినప్పుడు, ఆ తిరుగుళ్లలో దగ్గరైన సాఫ్ అనే కుర్రాడికొచ్చే కోపం నాకు చాలా న్యాయంగా అనిపించింది. వాళ్ల ప్రేమ మాత్రం నన్ను అంతగా పట్టుకోలేదు.

అసలు ఎదుగుదల సంకేతలిపి విప్పే ఘట్టాల్లో ఉంది. చనిపోయిన తల్లి ఆషెన్ దుప్పట్ల మీద కుట్టిన కుట్లలోనే అక్షరాలు దాచింది. కూతురు ఆ కుట్లు తడిమి తడిమి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, అమ్మ ఏం భరించిందో తెలుసుకుంటుంది. ఆ సత్యాన్ని తట్టుకోవడానికి కత్తి పనికిరాదు. ఓపిక కావాలి, మర్నాడు పొద్దున్నే మళ్లీ బల్ల ముందు కూర్చోవాలి.

అందరికన్నా దగ్గరి సలహాదారు థీల్. ఇన్నాళ్లూ నిజాలు దాచింది డబ్బు కోసం కాదు. లెక్ అతనితోనే ఘోరాలు చేయించాడు, అవి బయటపడితే తట్టుకోలేడు. ఆ దాపరికం కోసం మనుషుల ప్రాణాలు కూడా పోయాయి. బిట్టర్‌బ్లూ అతన్ని ఆప్తుడిలా ప్రేమించింది, అయినా చేసింది తప్పు కాదనలేదు. ఈ రెండిటినీ ఒకే మనసులో మోసిన రోజు ఆమె నా దృష్టిలో రాణి అయింది. మా బాబాయ్‌ని నేను నిలదీసినప్పుడు ఆయన పుస్తకం మీద తల పెట్టుకుని ఏడ్చారు. "నీకు చెప్పొద్దని నాన్నగారే మాట తీసుకున్నారమ్మా" అన్నారు. కొట్టు తాళాలు ఆయన దగ్గరే ఉంచాను. పుస్తకాలు మాత్రం ఇంటికి తెచ్చుకున్నాను.

చదవాలంటే ముందు 'గ్రేస్‌లింగ్' (2008) చదవండి. లెక్ ఎవరో, చిన్న బిట్టర్‌బ్లూ ఎలా బయటపడిందో అందులో ఉంది. ఈ నవల 500 పేజీలు దాటుతుంది, నడక నెమ్మది. విసుగనిపించినా ఆ దుప్పట్లు విప్పేదాకా వదలకండి.