పొట్టలో తెల్ల బుడగ జబ్బు కాదు, ముందు మొప్పలు చూడండి

ప్రశ్న: కంకిపాడు దగ్గర రెండెకరాల చెరువులో శీలావతి, బొచ్చె వేశాను. వారం నుంచి తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి, రోజూ పది దాకా చస్తున్నాయి. ఒకదాన్ని కోస్తే గాలి నిండిన తెల్ల బుడగ, వెన్నెముక కింద గడ్డకట్టిన నెత్తురు కనిపించాయి. గ్యాస్ పట్టిందట, మందు కొట్టమంటున్నారు. కొట్టమంటారా?

జవాబు: కొట్టకండి. మీరు చూసిన రెండూ జబ్బులు కావు, ఆరోగ్యంగా ఉన్న చేపను కోసినా అవే కనిపిస్తాయి.

ఆ తెల్ల బుడగ గాలితిత్తి. మన శీలావతి, బొచ్చెల్లో అది నడుమ నొక్కినట్టు రెండు గదులుగా ఉంటుంది. అందులో గాలిని పెంచుకుంటూ తగ్గించుకుంటూ చేప పెద్దగా శ్రమ లేకుండా కావలసిన లోతులో నిలబడగలదు. ముందు గది నుంచి చిన్న ఎముకల వరుస చెవి దాకా వెళ్లి చప్పుడును చేరవేస్తుంది. నెత్తురు గడ్డ అనుకున్నది మూత్రపిండం. మార్కెట్లో చేపలు కోసేవాళ్లు చివర్లో వేలితో గీకి పారేసే ముదురు ఎరుపు పొర అదే. పేగు కూడా ఒంటి పొడవుకు చాలా రెట్లు ఉండి చుట్టలు చుట్టుకుని కనిపిస్తుంది, దాన్ని చూసి టెన్షన్ పడొద్దు, శీలావతికి జీర్ణాశయం ఉండదు కాబట్టి మేత అరిగేదంతా ఆ పేగులోనే.

అసలు చూడాల్సింది మొప్పలు. తల పక్కన గట్టి మూత ఎత్తితే ఒక్కో వైపు నాలుగు తోరణాలు, వాటికి దువ్వెన పళ్లలా సన్నటి ఎర్రటి రేకులు ఉంటాయి. చేప గుండెకు రెండే గదులు, అది చెడు రక్తాన్ని నేరుగా మొప్పలకే తోస్తుంది, అక్కడ ప్రాణవాయువు అందకపోతే ఒంట్లో ఏ భాగానికీ అందదు. రేకులు మంచి ఎరుపులో, జిగురు లేకుండా ఉన్నాయంటే మొప్ప బాగున్నట్టే, అప్పుడు లోపం నీళ్లలో ఉందేమో చూడాలి. గోధుమ రంగుకు తిరిగితే నీళ్లలో నైట్రైట్ (మేత మిగులు, చేపల మలం కుళ్లితే పుట్టే విషం) ఎక్కువైందేమోనని అనుమానించాలి. పాలిపోయినా, కొసలు చిరిగినా, తెల్ల జిగురు పట్టినా మొప్ప జబ్బో పరాన్నజీవులో అయి ఉండొచ్చు. రెక్కల మొదళ్లలో చేప పేను అంటుకుందేమో కూడా చూడండి, బల్లపరుపుగా ఉంటుంది, కంటికే కనిపిస్తుంది.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి, పొద్దున చచ్చి మధ్యాహ్నం దాకా తేలిన చేపను కోస్తే మొప్పలు ఎలాగూ పాలిపోయే ఉంటాయి, పిత్తం తిత్తి కారి పేగులు ఆకుపచ్చ పడతాయి. దాన్ని చూసి ఏమీ తేల్చలేం. కొన ఊపిరితో ఉన్నదాన్నే పట్టి, మలద్వారం దగ్గర కత్తెర మొన పైపైన పెట్టి మొప్పల వైపు కోయండి.

మీ చేపలు పొద్దెక్కాక మళ్లీ కిందికి దిగుతున్నాయా? దిగుతుంటే నాకు ఎక్కువ అనుమానం ప్రాణవాయువు మీదే, రాత్రంతా నీళ్లలోని నాచు కూడా దాన్నే వాడుకుంటుంది. నాలుగు రోజులు మేత ఆపి, రాత్రి 2 గంటల నుంచి ఎండ వచ్చేదాకా ఏరేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) తిప్పండి, లేకపోతే మోటారుతో నీళ్లు ఎగజిమ్మించండి. తెల్లవారుజామున లీటరు నీటిలో ప్రాణవాయువు 3 మిల్లీగ్రాముల కంటే తగ్గుతుంటే కారణం దొరికినట్టే, 5 పైన ఉంటే ప్రాణవాయువు విషయంలో నిశ్చింత. పొద్దెక్కినా నోళ్లు తెరుస్తూనే ఉంటే మాత్రం బతికున్న రెండు చేపల్ని ఆక్సిజన్ పట్టిన కవరులోనూ, చెరువు నీళ్లు విడిగా ఒక సీసాలోనూ పట్టుకుని అదే రోజు దగ్గర్లోని మత్స్యశాఖ కార్యాలయానికి తీసుకెళ్లండి.