బోరు నీళ్ల తెల్ల మరకలకు నిమ్మరసంలో వంటసోడా కలపాలా?
కలపొద్దు, నిమ్మరసం ఒక్కటే చాలు. సోడా పడితే దాని పులుపు విరిగిపోతుంది.

నల్గొండ వైపు బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. నీళ్లు ఆరిపోయాక నల్లా మూతికి, బకెట్ అంచుకు పట్టే తెల్లని గట్టి పొర చాలావరకు సున్నపురాయి లాంటిదే. సబ్బుకు అది లొంగదు, ఆమ్లానికి కరుగుతుంది. వంటసోడా క్షారం కాబట్టి ఆ ఆమ్లాన్ని మరక దాకా పోనివ్వకుండా ముందే తినేస్తుంది.

ఒక గుడ్డ పేలికను నిమ్మరసంలో తడిపి నల్లా మూతికి అరగంట చుట్టి ఉంచండి. పొర మీద సన్నని బుడగలు లేస్తాయి. తర్వాత కొబ్బరి పీచుతో రుద్ది కడిగితే చాలావరకు ఊడొస్తుంది. మొండి పొరైతే ఇంకోసారి. ఎండాకాలం నిమ్మకాయ ధర చూసి గుండె ఆగితే చింతపండు గుజ్జు వాడండి, అదీ ఆమ్లమే.

సోడా కలిపితే బుస్సుమని పొంగుతుంది కదా, అదే మరకను లాగేస్తుందని చాలామంది అనుకుంటారు. ఆ నురగ సోడాది, మరకది కాదు. ఇంకొకటి, ఈ రసం తాండూరు, షాబాదు బండల మీద పడనివ్వకండి. అవీ సున్నపురాయే, నునుపు పోతుంది.