ఇంట్లో డేకేర్: ఫీజు ఎంత పెట్టాలి?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లోని మియాపూర్. రెండేళ్లుగా మా ఫ్లాట్‌లోనే ఆరుగురు పిల్లలను ఉదయం 8 నుంచి సాయంత్రం 7 వరకు, నెలకు 25 రోజులు చూసుకుంటున్నాను. ఒక్కొక్కరికి 4,000 రూపాయలు తీసుకుంటున్నాను. ఆయాకు 12,000, పాలు, పండ్లు, గ్యాస్, సబ్బులకు 4,500, కరెంటుకు అదనంగా 1,500 అవుతున్నాయి. అందరూ తెలిసినవాళ్లే కావడంతో ఫీజు పెంచుతానని చెప్పడానికి మొహమాటంగా ఉంది. ఎంత పెంచాలి? ఎలా చెప్పాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు రాసిన అంకెలనే కలిపి చూస్తే నెలకు 24,000 వచ్చి, 18,000 ఖర్చయి, మీకు 6,000 మిగులుతోంది. అంటే ఆయాకు మీరిచ్చే జీతంలో సగం. 275 గంటల పనికి గంటకు 22 రూపాయలైనా పూర్తిగా పడడం లేదు. మీ ఖర్చుల జాబితాలో మీ జీతమే లేకపోవడం దీనికి కారణం. ముందు దాన్ని చేర్చండి. 18,000 అనుకుంటే నెలకు రావలసినది 36,000 అవుతుంది. దీన్ని ఆరుతో కాక ఐదుతో భాగించడం మంచిది, ఎందుకంటే ఒక కుటుంబం ఇల్లు మారితే ఆ చోటు మళ్లీ నిండడానికి ఒకటి రెండు నెలలు పట్టవచ్చు. అలా చూస్తే ఒక్కొక్కరికి 7,200 వస్తుంది. ఆరుగురూ ఉన్న నెలల్లో మిగిలే మొత్తాన్ని ఖాళీ నెలల కోసం, విరిగిన ఉయ్యాల కోసం పక్కన పెట్టుకోండి.

అయితే అందరికీ ఒకే ఫీజు న్యాయం కాదు. 2017 చట్ట సవరణతో ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు పిల్లలకు 12 నుంచి 26 వారాలకు పెరిగింది కనుక, ఉద్యోగినుల బిడ్డలు చాలావరకు అయిదారు నెలల వయసులో మీ దగ్గరికి వస్తారు. ఎత్తుకోవాలి, గంటకోసారి గుడ్డలు మార్చాలి, నిద్రపుచ్చాలి. ఆ ఒక్క బిడ్డకే ఒక మనిషి సరిపోతుంది. ఏడాది లోపు వారికి 9,000 అడగడంలో తప్పు లేదు. బడి నుంచి మధ్యాహ్నం వచ్చే పిల్లలకు మాత్రం మామూలు ఫీజులో సగం చాలు.

బిడ్డ రాని రోజులకు తగ్గించమని తప్పకుండా అడుగుతారు. మీరు తీసుకునేది ఆ చోటును అట్టిపెట్టినందుకు; ఆ రోజు ఆయా జీతం ఆగదు కదా. ఈ సంగతి బిడ్డను చేర్చుకునేటప్పుడే కాగితం మీద రాసివ్వండి. ఫీజు నెల మొదట్లోనే చెల్లించాలనీ, సాయంత్రం 7 దాటితే ప్రతి అరగంటకు 100 రూపాయలనీ అందులోనే ఉండాలి. (ఆలస్య రుసుము పెట్టింది ఆదాయం కోసం కాదని, మీకూ సాయంత్రం ఒకటి ఉంటుందని గుర్తుచేయడానికని నా ఉద్దేశం.)

ఇక పాతవారి సంగతి. 4,000 నుంచి 7,200కు ఒక్కసారిగా ఎక్కితే ఇద్దరు ముగ్గురు వెళ్లిపోవచ్చు. కొత్తగా చేరేవారికి ఇప్పటినుంచే కొత్త ఫీజు చెప్పండి. పాతవారికి బడులు తెరిచే జూన్‌లో 5,500, ఆ తర్వాతి జనవరిలో 7,200 అని రెండు నెలల ముందే అందరికీ ఒకే మాటగా తెలియజేయండి. ఒకరికి చాటుగా తగ్గిస్తే రెండో రోజుకే గేటు దగ్గర ఆ సంగతి అందరికీ తెలిసిపోతుంది.

50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు శిశు సంరక్షణ కేంద్రం సదుపాయం కల్పించాలని చట్టం చెబుతోంది. తల్లుల సంస్థలు ఈ ఖర్చు భరిస్తాయేమో కనుక్కోమనండి, వారికి నెలనెలా రసీదు ఇవ్వండి.