1 టీబీ హార్డ్ డిస్క్ కొంటే 931 జీబీయే ఎందుకు చూపిస్తుంది? ప్లాటర్, సెక్టర్ అంటే ఏమిటి?

ముందు ఆ 931 సంగతి. షాపువాడు మోసం చేయలేదు, డిస్క్ పాడవలేదు. తయారీదారులు కిలో అంటే 1000 అని లెక్కేస్తారు. కాబట్టి 1 టీబీ అంటే వాళ్ల దృష్టిలో లక్ష కోట్ల బైట్లు. విండోస్ మాత్రం 1024తో భాగిస్తూ పోతుంది. లక్ష కోట్లను మూడుసార్లు 1024తో భాగించి చూడండి, 931 దగ్గర ఆగుతుంది. స్థలం అంతే ఉంది, కొలిచే మానిక వేరు. మ్యాక్‌లో ఈ తేడా కనిపించదు, 2009 నుంచి అది కూడా 1000 లెక్కే వాడుతోంది.

ఇక లోపలి భాగాలు. అయస్కాంత పూత పూసిన గుండ్రటి పళ్లెమే ప్లాటర్. దాన్ని తాకకుండా, వెంట్రుక మందంలో ఎన్నో వంతు ఎత్తులో తేలుతూ రాసేది, చదివేది హెడ్. అందుకే తిరుగుతున్న డిస్క్‌ను కింద పడేస్తే అంత ప్రమాదం. ప్లాటర్ మీది ఒక్కో వలయం ట్రాక్. ట్రాక్‌లో చిన్న ముక్క సెక్టర్. పాతవాటిలో అది 512 బైట్లు, ఇప్పుడు ఎక్కువగా 4096.

డిస్క్ మీద కనిపించే 7200 ఆర్‌పీఎం అంటే ప్లాటర్ నిమిషానికి అన్ని చుట్లు తిరుగుతుందని, అంటే సెకనుకు 120. కావలసిన సెక్టర్ హెడ్ కిందికి వచ్చేదాకా సగటున 4 మిల్లీసెకన్లు ఆగాల్సిందే. ప్లాటర్లకు బదులు చిప్‌లలో డేటా దాచే ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు కాబట్టి ఈ నిరీక్షణా లేదు. పాత ల్యాప్‌టాప్‌కు ఎస్‌ఎస్‌డీ వేయగానే ప్రాణం లేచొచ్చినట్టు అనిపించేది ఇందుకే!