కోటి రూపాయల కల, పది కిలోల కారం

ప్రశ్న: నమస్తే అమ్మా. నాకు 26 ఏళ్లు. బీకాం చదివాను. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో నాలుగేళ్లుగా తక్‌పట్టీలు (సరుకు అమ్మిన రైతుకిచ్చే లెక్క చీట్లు), ఖాతాలు రాస్తున్నాను. జీతం 14 వేలు. మన చపాటా మిర్చితో సొంతంగా కారం వ్యాపారం పెట్టాలని కోరిక. రోజూ తెల్లవారుజామున లేచి స్ఫూర్తినిచ్చే వీడియోలు చూస్తాను. ‘2030 నాటికి కోటి రూపాయల కంపెనీ’ అని గోడ మీద రాసుకున్నాను. పొద్దున ఎంతో ధైర్యంగా ఉంటుంది, మధ్యాహ్నానికి అదంతా పోతుంది. ‘ఉన్న జీతం చాలదా, మనకెందుకీ పెద్ద ఆశలు’ అంటుంది అమ్మ. నా ఆలోచనా విధానాన్ని ఎలా మార్చుకోవాలి?
– పాఠకురాలు, గీసుకొండ

జవాబు: తల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో కోటి రూపాయలు ఉన్నాయి, 2030 ఉంది. పది కిలోల చపాటా కాయ కొని, తొడిమలు తీసి, మళ్లీ ఎండబెట్టి గిర్నీలో పట్టిస్తే ఎన్ని కిలోల కారం చేతికొస్తుందో మాత్రం లేదు. నాలుగేళ్లుగా మిర్చి బస్తాల మధ్య కూర్చున్న నువ్వు ఆ లెక్క వేసుకోకపోవడమే నాకు బాధ కలిగించింది. నీ ఆశ పెద్దదని నేను అనను. కోటి అడగడానికి నీకు పూర్తి హక్కుంది.

నేను బ్యాంకులో 31 ఏళ్లు పనిచేశాను. అందులో ఎక్కువ కాలం అప్పు దరఖాస్తులు చూడడమే నా పని. పరకాలలో ఉన్నప్పుడు ఒకాయన రెండు గేదెలకు అప్పు కావాలని వచ్చాడు. చొక్కా జేబులోంచి నోటుపుస్తకం కాగితం ఒకటి తీశాడు. ఏ నెలలో ఎన్ని లీటర్ల పాలు, ఎండాకాలంలో ఎంత తగ్గుతాయి, పచ్చిగడ్డి దొరకని రెండు నెలలు దాణాకు ఎంత పడుతుంది, ఆ నెలల్లో కిస్తీ ఎక్కడి నుంచి కడతాడు, అన్నీ పెన్సిలుతో రాసి ఉన్నాయి. నేను అడగబోయే ప్రశ్నలన్నీ ఆయన ఇంటి దగ్గరే వేసుకుని వచ్చాడు. ‘మేడమ్, ఇంతకంటే ఎక్కువ ఇవ్వకండి, కట్టలేను’ అని కూడా అన్నాడు. అంత నిబ్బరంగా మాట్లాడిన మనిషిని నా ఉద్యోగంలో చాలా తక్కువగా చూశాను. ఆ నిబ్బరం ఆయనకు ఆ కాగితం రాసేటప్పుడే వచ్చి ఉంటుంది.

నీ మధ్యాహ్నపు నీరసానికి ఒక కారణం మనస్తత్వ శాస్త్రంలో దొరుకుతుంది. గాబ్రియెల్ ఎట్టింగెన్ అనే శాస్త్రవేత్త సహ పరిశోధకురాలితో కలిసి 2002లో ఒక పరిశోధన ప్రచురించారు. ఉద్యోగం వెతుక్కుంటున్న పట్టభద్రులను రెండేళ్ల తర్వాత మళ్లీ పలకరించారు. మంచి ఉద్యోగం వచ్చేసినట్టు ఊహల్లో ఎక్కువగా తేలినవాళ్లు తక్కువ దరఖాస్తులు పంపారు, వాళ్లకు వచ్చిన అవకాశాలూ తక్కువే, జీతాలూ తక్కువే. అంతవరకు తాము చేసినదాన్ని బట్టి ‘నాకు వస్తుంది’ అని నమ్మినవాళ్లు మెరుగైన చోట ఉన్నారు. ఊహలోనే ఫలితం రుచి చూసేసిన మనసుకు పరుగెత్తే అవసరం కనిపించదు. అందుకే కోరికను తలచుకున్న వెంటనే, దానికి అడ్డుగా ఉన్నదేమిటో కూడా తలచుకోమంటారు ఆవిడ.

నీకు అడ్డు ఏమిటి? అమ్మ కాదని నా అభిప్రాయం. చపాటాకు రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. మన ఇళ్లలో కూర మండకపోతే ముద్ద దిగదు. 2025లో వరంగల్ చపాటాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది కాబట్టి ఆ పేరు చూసి మొదటి పొట్లం కొంటారు. రెండో పొట్లానికి వస్తారా? ఘాటు కోసం తేజ రకం మిర్చికాయ ఏ నిష్పత్తిలో కలపాలి? కలిపితే ఆ మాట పొట్లం మీద రాయాలి, అందులో దాపరికం వద్దు. ఇది ఏ వీడియో చెప్పలేదు, మీ వీధిలో పది ఇళ్లు చెబుతాయి. పావుకిలో చొప్పున ఇచ్చి, పదిహేను రోజుల తర్వాత ఖాళీ డబ్బా అడుగు. డబ్బా ఇంకా నిండుగా ఉంటే ఎందుకో కూడా అడుగు, సిగ్గుపడకు.

ఉద్యోగం ఇప్పుడే మానవద్దు. ముద్ర యోజనలో శిశు విభాగం కింద 50 వేల రూపాయల వరకు తాకట్టు లేకుండా అప్పు దొరుకుతుంది, కానీ ఆ పది ఇళ్ల లెక్క చేతిలో లేకుండా బ్యాంకు మెట్లెక్కకు. అమ్మతో వాదించకు. నెల మొదట్లో వచ్చే 14 వేలు ఆగిపోతాయన్న భయం ఆమెది. తొడిమలు తీయడానికి ఆమెనే పక్కన కూర్చోబెట్టుకో.

ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం గారి గురించి వినే ఉంటావు. ఆరో తరగతితో చదువు ఆగిపోయింది. చీర కోసం ఆసు పోస్తూ, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పుతూ, వేల సార్లు చేయి ఆడించి తల్లి లక్ష్మి భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక ఆ పని చేసే యంత్రం మొదలుపెట్టారు. ఏళ్ల తరబడి ఏదో ఒక భాగం దగ్గర ఆగిపోవడం, పనిచేసి డబ్బు కూడబెట్టి మళ్లీ అక్కడి నుంచే అందుకోవడం. 1999లో యంత్రం పూర్తయింది, దానికి తల్లి పేరే పెట్టారు. పద్మశ్రీ 2017లో వచ్చింది. మొదలుపెట్టిన రోజు ఆయన కళ్ల ముందున్నది అమ్మ భుజం. నీ కారం ఎవరి వంటింటి కోసమో నీ ఉత్తరంలో నాకు కనిపించలేదు.

గోడ మీది రాత చెరపవద్దు. దాని కిందనే ఈ ఆదివారం పది కిలోల కాయ తూకం, తర్వాత కారం తూకం రాయి. నాకూ రాసి పంపు.

ప్రశ్న: నాకు 41 ఏళ్లు, ప్రైవేటు ఉద్యోగం. నాకంటే చిన్నవాడికి పదోన్నతి ఇచ్చారు. నాలుగు నెలలుగా ఇంట్లో భార్యాపిల్లల మీద కసురుకుంటున్నాను. సానుకూలంగా ఆలోచించమని అందరూ అంటున్నారు. ఎలా ఆలోచించాలి?
– పాఠకుడు, మంచిర్యాల

జవాబు: బాబూ, బాధగా ఉన్నప్పుడు బలవంతంగా నవ్వమని నేను చెప్పను. నర్సంపేటలో గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఆఫీసరు ఇంటర్వ్యూలో నన్ను రెండుసార్లు కాదన్నారు. రెండోసారి వారం రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. తర్వాత మేనేజరు గారి గదికి వెళ్లి నాలో తక్కువైనదేమిటని అడిగాను. ‘కౌంటరు దాటి వచ్చి ఒక్క అప్పు కాగితమైనా చూశారా?’ అన్నారు. గుచ్చుకుంది, కానీ నిజం. అప్పటి నుంచి ప్రతి శనివారం మధ్యాహ్నం ఒక దరఖాస్తు ముందు పెట్టుకుని నా అభిప్రాయం రాసి ఆయనకు చూపించేదాన్ని. మొదటి పదీ ఎర్ర సిరాతో నిండిపోయాయి. మూడోసారి ఇంటర్వ్యూకి వెళ్లేనాటికి అలాంటివి 60 దాటాయి, ఆ రోజు నా గొంతు వణకలేదు.

మీరూ వెళ్లి అడగండి. ‘నాకెందుకు ఇవ్వలేదు’ అంటే పైవాళ్లు సంజాయిషీ వెతుక్కుంటారు. ‘వచ్చేసారికి నాలో ఏమి చూస్తే ఇస్తారు’ అని అడగండి. పేరుపెట్టి ఒక పని చెబితే అది పట్టుకోండి. రెండోసారి అడిగినా దాటవేస్తే, ఉద్యోగంలో ఉంటూనే వేరే చోట వెతకడం మొదలుపెట్టండి. దీనికంతటికీ నెలలు పడుతుంది. పిల్లలకు మాత్రం ఈ రాత్రే చెప్పండి, నాన్న కోపం వాళ్ల మీద కాదని.